కోసే ముందు హ్యాండిల్ తిప్పి చూడు

తల్లీ,

నీ సైకిల్ ఫోటో చూశాను. ముందు బ్రేకు హోస్, అంటే ఆయిల్ పారే గొట్టం, పెద్ద చుట్టలా బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని నువ్వే కోసి పొట్టి చేసి, బ్లీడింగ్ కూడా, అంటే ఆయిల్ ఎక్కించి లోపలి గాలి తీయడం కూడా, నువ్వే చేస్తానన్నావు. చాలా సంతోషం. ఫోన్‌లో చెబితే సగం జారిపోతుందని రాస్తున్నాను.

ముందు ఆయిల్ సంగతి చూడు. షిమానో కంపెనీ బ్రేకులకు మినరల్ ఆయిల్. స్రామ్ కంపెనీలో చాలా మోడళ్లకు డాట్ అనే బ్రేకు ఫ్లూయిడ్, కొత్తవాటిలో కొన్నిటికి మినరల్ ఆయిల్. నీ బ్రేకు మోడల్ పేరు చూసి ఖాయం చేసుకో. ఒకదానికి బదులు ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. డాట్ అయితే గ్లౌజులు వేసుకో, అది పెయింటును కూడా తినేస్తుంది.

చక్రం, ప్యాడ్లు తీసి దూరంగా పెట్టు. ఆయిల్ పీల్చిన ప్యాడ్ మళ్లీ సరిగా పట్టదు. వాటి చోట కాలిపర్‌లో, అంటే చక్రం దగ్గర ప్యాడ్లు కూర్చునే భాగంలో, బ్లీడ్ బ్లాక్ అనే అడ్డుముక్క పెట్టాకే లివర్ (చేత్తో నొక్కే బ్రేకు పిడి) ముట్టుకో. ఖాళీగా ఉండగా నొక్కితే ప్యాడ్లను తోసే పిస్టన్లు బయటికి తన్నుకొస్తాయి.

ఇక కొలత. నేను మొదటిసారి హ్యాండిల్ తిన్నగా పెట్టి, హోస్ చూడముచ్చటగా ఉండేలా కొలిచి కోశాను. అంతా బిగించాక హ్యాండిల్ పక్కకు తిప్పితే హోస్ వింటినారిలా బిగుసుకుపోయింది. మొత్తం హోస్ కొత్తది వేయాల్సి వచ్చింది. అందుకే హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎక్కడా లాగకుండా ఉన్న చోట టేపు అంటించు. లివర్ లోపలికి వెళ్లే ముక్కను కూడా లెక్కలో కలుపుకో. అనుమానం ఉంటే ఒక అంగుళం ఎక్కువే ఉంచు. మళ్లీ కోయొచ్చు, అతకలేం.

కోయడానికి హోస్ కట్టరే వాడు. కటింగ్ ప్లేయర్‌తో కోస్తే హోస్ నలిగి నోరు కోడిగుడ్డులా సాగుతుంది, అక్కడే లీకు మొదలవుతుంది. కోసిన మొహాన్ని వెలుతురులో పెట్టి చూడు. తిన్నగా, గుండ్రంగా ఉండాలి. తర్వాత వరస తప్పకు: రబ్బరు తొడుగు, నట్టు, ఆలివ్ అనే ఇత్తడి రింగు ముందు హోస్ మీదికి ఎక్కించి, ఆ తర్వాతే ఇన్సర్ట్ అనే చిన్న గొట్టాన్ని హోస్ నోట్లోకి దిగ్గొట్టాలి. ఆలివ్, ఇన్సర్ట్ కొత్తవే వాడాలి. పాత ఆలివ్ ఒకసారి నలిగి కూర్చున్నది, రెండోసారి దాన్ని నమ్మలేం. హోస్‌ను లివర్ లోపలికి నెట్టి, అలా పట్టుకునే ఉండి నట్టు బిగించు. షిమానోకు 8 మిల్లీమీటర్ల పానా, 5 నుంచి 7 న్యూటన్ మీటర్ల బిగువు.

ఇప్పుడు బ్లీడింగ్. ఆయిల్ నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. లోపల గాలి మిగిలితే లివర్ స్పాంజిలా మెత్తగా దిగిపోయేది అందుకే. షిమానో పద్ధతైతే లివర్‌ను నేలకు సమాంతరంగా తిప్పి, పైన గరాటు బిగించు. కింద కాలిపర్ నిప్పుల్‌కు (ఆయిల్ ఎక్కించే చిన్న మూతికి) ఆయిల్ నింపిన సిరంజి తగిలించి, నిప్పుల్ వదులు చేసి మెల్లగా పైకి నెట్టు. గరాటులోకి బుడగలు వస్తాయి. ఆగగానే నిప్పుల్ మూసి, లివర్‌ను నెమ్మదిగా నొక్కుతూ వదులుతూ, స్క్రూడ్రైవర్ పిడితో హోస్ మీద చిన్నగా తట్టు. గోడకు అంటుకున్న ఆవగింజంత బుడగలు అప్పుడు వదిలి పైకి వస్తాయి. ఇక్కడే ఓపిక కావాలి, తొందరపడకు. వేలి కింద లివర్ గట్టిగా ఆగే దాకా చెయ్యి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అంతా తుడిచాక ప్యాడ్లు, చక్రం బిగించు. రాత్రి లివర్‌ను హ్యాండిల్‌కు రబ్బరు బ్యాండుతో లాగి కట్టి, నట్టు చుట్టూ టిష్యూ పేపర్ చుట్టు. పొద్దున అది తడిగా ఉంటే సైకిల్ ఎక్కకు. పొడిగా ఉన్నా ముందు ఇంటి ముందే నెమ్మదిగా తొక్కి, గట్టిగా బ్రేకు వేసి చూడు. ఆ పేపర్ విప్పగానే నాకు ఫోన్ చెయ్యి, ఎదురుచూస్తుంటాను.

మీ నాన్న