ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కసారి లాగ్ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

కంప్యూటర్ సందేహాలకు జవాబులిచ్చే మీ శీర్షికను వదలకుండా చదువుతాను. సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందనో, ఉన్నట్టుండి బిగుసుకుపోతోందనో పాఠకులు రాస్తే ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: యాంటీవైరస్‌తో స్కాన్ చేయండి, తగ్గకపోతే ఫార్మాట్ చేయించండి. రిపేర్ చేసేవాళ్లలోనూ చాలామందిది ఇదే దారి. దీంతో నాకు గట్టి పేచీ ఉంది. ఏం జరిగిందో కంప్యూటర్ ఎప్పటికప్పుడు లాగ్‌లో రాసి పెడుతుంది. ఫార్మాట్ కొట్టగానే ఆ రాతంతా చెరిగిపోతుంది, లోపం హార్డ్‌వేర్‌లో ఉంటే మాత్రం కొత్త విండోస్ ఎక్కించినా అలాగే ఉంటుంది.

చూడటం కష్టమేమీ కాదు. స్టార్ట్ నొక్కి ఈవెంట్ వ్యూయర్ అని టైప్ చేసి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరవాలి. దానంతటదే రీస్టార్ట్ అయిన మెషీన్‌లో సాధారణంగా కెర్నల్-పవర్ 41 అనే ఎంట్రీ ఎర్రగా కనబడుతుంది. దాన్ని చూడగానే పవర్ సప్లయ్ పాడైందని తేల్చేసేవాళ్లున్నారు, అది తొందరపాటు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే సిస్టమ్ మళ్లీ ఆన్ అయిందని మాత్రమే 41 చెబుతుంది, అదీ ఆన్ అయ్యాక రాసిన మాట. డిటెయిల్స్‌లోకి వెళ్లి బగ్‌చెక్‌కోడ్ చూడండి. సున్నా కాకుండా ఏదైనా అంకె ఉంటే బ్లూ స్క్రీన్ (విండోస్ పెద్ద లోపంతో ఆగిపోయినప్పుడు కనబడే నీలి తెర) వచ్చిందన్నమాట, ఆ కోడ్ పట్టుకుని వెతకొచ్చు. సున్నా ఉంటే విండోస్‌కు ఆ వివరం రాసుకునే వ్యవధి దొరకలేదని అర్థం, అప్పుడు కరెంటు, పవర్ సప్లయ్, వేడి వంటివి అనుమానించాలి, లేదా బిగుసుకుపోతే ఎవరైనా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశారేమో కనుక్కోవాలి.

అసలు విషయం చాలాసార్లు దానికి కొంచెం ముందు పడిన ఎంట్రీల్లో దొరుకుతుంది. సోర్స్ (ఆ ఎంట్రీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే గడి) దగ్గర డిస్క్ అని ఉండి ఈవెంట్ నంబర్ 7 కనబడితే డిస్క్‌లో బ్యాడ్ బ్లాక్, అంటే పాడైన చోటు, ఉందని, 153 కనబడితే చదవడమో రాయడమో ఒకసారికి కుదరక మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. ఇవి పదేపదే వస్తుంటే ఫార్మాట్ మాట పక్కన పెట్టి ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. ఈ ఒక్క ఎంట్రీ చూడకుండా డిస్క్ తుడిచేసి ఏళ్ల నాటి ఫొటోలు పోగొట్టుకోవడం ఎంత అన్యాయం!

ఈవెంట్ వ్యూయర్ గందరగోళంగా అనిపిస్తే రిలయబిలిటీ మానిటర్ ఉంది. ఏ రోజు ఏది క్రాష్ అయింది, ఏ అప్‌డేట్ లేదా డ్రైవర్ ఇన్‌స్టాల్ అయింది అన్నది తేదీలవారీగా చూపిస్తుంది. మ్యాక్‌లో కన్సోల్ యాప్, లినక్స్‌లో జర్నల్‌సీటీఎల్ కమాండ్ లాగ్ చూడటానికి పనికొస్తాయి.

ఎర్ర గుర్తులు చూసి టెన్షన్ పడొద్దని కూడా మీరు గట్టిగా రాయాలి. బాగా పనిచేస్తున్న కంప్యూటర్‌లోనూ ఎర్రర్లు, వార్నింగ్‌లు ఉంటాయి. డిస్ట్రిబ్యూటెడ్‌కామ్ 10016 అనే ఎంట్రీ లాంటివాటిని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ఈ సంగతి తెలియనివాళ్లకు ఫోన్ చేసి, ఈవెంట్ వ్యూయర్ తెరిపించి, ‘చూడండి, మీ సిస్టమ్ నిండా వైరస్సే’ అని భయపెట్టి డబ్బు గుంజే మోసగాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. ఎర్ర గుర్తులు ఎన్ని ఉన్నాయన్నది కాదు, సమస్య వచ్చిన సమయానికి ఏం నమోదైందన్నదే చూడాలి.

అందుకే నా విన్నపం: ప్రశ్న పంపే పాఠకులను ఈవెంట్ నంబర్, సోర్స్, సమయం కూడా రాయమని అడగండి, అప్పుడు మీ నిపుణులు ఊహించి చెప్పాల్సిన పని తగ్గుతుంది. ఇంకో మాట, సిస్టమ్ లాగ్‌కు విండోస్ మామూలుగా ఇచ్చే చోటు 20 ఎంబీ, అది నిండితే పాతవి చెరిగిపోతుంటాయి, కాబట్టి సమస్య వచ్చిన వెంటనే చూడటం మంచిది. ఇక ఫార్మాట్ తప్పదనుకున్నా, ముందు సేవ్ ఆల్ ఈవెంట్స్ యాజ్ నొక్కి ఆ లాగ్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచుకోమని చెప్పండి. అదే సమస్య మళ్లీ వస్తే పోల్చి చూసుకోవడానికి ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు