ఎలీషా ఉప్పు వేసింది ఊటలో

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం గుంటూరులో మా చర్చి సంఘంలో పాస్టరు అయ్యగారు మత్తయి సువార్త 5వ అధ్యాయం 13వ వచనం మీద ప్రసంగం చేశారు. "మీరు లోకమునకు ఉప్పయియున్నారు." ఉప్పు రుచినిస్తుంది, కుళ్లిపోకుండా కాపాడుతుంది, కూరలో కరిగిపోయి కంటికి కనబడదు అని చక్కగా చెప్పారు. ఆవకాయలో ఉప్పు తగ్గితే బూజు పడుతుందని మా ఊళ్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు కదా. ఆరాధన అయ్యాక బయటికి వస్తే ఆడవాళ్లందరిదీ ఒకటే మాట, కుళాయి నీళ్లు వాసన కొడుతున్నాయని. లోపల విన్న మాటకీ బయట విన్న మాటకీ సంబంధం ఉందనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

రెండవ రాజుల గ్రంథం 2వ అధ్యాయంలో యెరికో ఊరివాళ్లు ఎలీషా ప్రవక్త దగ్గరికి వస్తారు. ఊరు బాగుంది గానీ నీళ్లు మంచివి కావు అని మొర పెట్టుకుంటారు. ఆయన కొత్త పాత్రలో ఉప్పు వేసి తెమ్మంటాడు. ఇంటింటికీ చిటికెడు పంచి పంపించలేదు. నీటి ఊట దగ్గరికి తానే వెళ్లి అక్కడ వేశాడు. అది దేవుడు చేసిన అద్భుతమనే నేను నమ్ముతాను. కానీ తాగునీళ్ల గోడు ప్రవక్త పని కాదని ఆయన అనుకోలేదు, అదే నా మనసులో నిలిచిపోయింది.

2018 మార్చిలో మా గుంటూరు ఆనందపేట పరిసరాల్లో తాగునీటిలో మురుగు కలిసి, అతిసారంతో పలువురు చనిపోయారు. ఇలా ఎందుకు జరుగుతుందో పెద్ద రహస్యమేమీ కాదు. నీళ్లు రోజులో కాసేపే వదులుతారు, మిగతా సమయమంతా పైపు ఖాళీ. ఆ పైపు మురుగు కాలవలోంచి వెళ్తూ ఎక్కడైనా చిల్లి పడితే, ఖాళీగా ఉన్నప్పుడు మురుగును లోపలికి లాగుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే మన మొదటి బిందెలోకి వచ్చేది అదే. రెండేళ్ల కిందట మా మనవడికి విరేచనాలు పట్టుకుని రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఆ టెన్షన్ నేను ఇప్పటికీ మరిచిపోలేదు. సెలైన్ అంటే ఉప్పునీళ్లే. ఇంట్లో చేసుకునే మందూ అంతే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. నీళ్లలో కలిపే క్లోరిన్‌ను కూడా ఉప్పునీళ్లలోకి కరెంటు పంపించే తీస్తారు. ప్రాణం నిలిపే పని ఉప్పు ఇప్పటికీ చేస్తూనే ఉంది.

అదే వచనంలో ఉప్పు నిస్సారమైతే అనే మాట కూడా ఉంది. ఉప్పు నిస్సారం కావడమేమిటని చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. మృత సముద్రం ఒడ్డున దొరికే ఉప్పులో జిప్సంలాంటివి కలిసి ఉంటాయని, తడికి అసలు ఉప్పు కరిగిపోతే చూపుకి ఉప్పులాగే ఉండే తెల్లపొడి మిగులుతుందని తర్వాత ఒక పెద్దాయన వివరించారు. మైకులకీ ఫ్లెక్సీలకీ పెట్టే ఖర్చు చూస్తే మా సంఘాల గురించి ఆ తెల్లపొడే గుర్తొచ్చి బాధేస్తుంది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ అన్ని మతాల ఆడవాళ్లకీ వైద్యం చేశారు. ఆ ఊళ్లోనే ఉన్నాం మేము.

అధికారులను అడిగేది, మురుగు కాలవల్లోంచి పోయే పైపులను బయటికి మార్చండి, ప్రతి వార్డులో నీటి పరీక్ష ఫలితాన్ని అందరికీ కనబడే బోర్డు మీద రాయండి. మా సంఘాలవాళ్లను అడిగేది ఇంకా చిన్నది. వీధి చివరి కుళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. చుక్కల మందుతో పసుపు రంగు వచ్చే చిన్న కిట్‌తో మన యూత్ పిల్లలే అది చూడగలరు. రంగు రాకపోతే వీధిలో అందరికీ చెప్పాలి, చర్చికి వచ్చే ఇళ్లకి మాత్రమే కాదు. ప్రభువు లోకానికి ఉప్పు అన్నాడు, సంఘానికి ఉప్పు అనలేదు. మసీదు పెద్దలూ గుడి కమిటీవాళ్లూ కలిసొస్తే మరీ సంతోషం.

అయ్యగారితో ఈ మాట చెప్పాను. వచ్చే ఆదివారం ప్రకటనలప్పుడు ఐదు నిమిషాలు ఇస్తానన్నారు. కిట్ కొనడానికి మా స్త్రీల సమాజం డబ్బులు వేసుకుంటోంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు