కలబంద క్రీము డబ్బా గురించి, నా తిరుగుళ్ల గురించి

మాది ఇంట్లో నడిపే చిన్న సబ్బులు, క్రీముల వ్యాపారం. అమ్మ, పిన్ని తయారు చేస్తారు, నేను ఊళ్లు తిరుగుతూ మిగతా పని చూసుకుంటాను. జూలైలో మీలో 11 మంది మా దగ్గర కలబంద క్రీము తీసుకున్నారు. మూత తీస్తే పుల్లటి వాసన వస్తోందని మొదట ఒకరు చెప్పారు. తర్వాత ఇంకొకరు నల్లచుక్కల ఫొటో పంపారు. అందరికీ డబ్బులు తిరిగి వేసేశాను. ఆ డబ్బా ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి వాడకండి, పారేయండి.

తప్పు నాదే. క్రీములో నీళ్లుంటాయి, నీళ్లున్న చోటికి బూజు రానే వస్తుంది. దాన్ని ఆపడానికే ప్రిజర్వేటివ్ వేస్తారు. అది లేదని లేబుల్ మీద గొప్పగా, పెద్దక్షరాలతో వేయించింది నేను. అనకాపల్లిలో అమ్మ, పిన్ని క్రీము కలుపుతుంటే నేను కర్ణాటక తీరంలోని గోకర్ణలో కూర్చుని వీడియో కాల్లో చూసి, "బాగుంది, నింపేయండి" అన్నాను. పిన్ని వారం ఆగి చూద్దామంది కూడా. నేనే తొందరపడ్డాను. రంగు, చిక్కదనం ఫోన్లో కనిపిస్తాయి గానీ వాసన రాదు కదా.

"బీచ్‌లో కూర్చుని సబ్బులు చేస్తారా?" అని చాలామంది అడుగుతుంటారు. లేదండీ. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు ఫలానా చిరునామాకని ఇస్తారు, తయారీ అక్కడే జరగాలి. పైగా సబ్బులో వేసే కాస్టిక్ సోడా గ్రాముల లెక్కన తూచాలి. అద్దె గదుల్లో చేసే పని కాదది. దారిలో నేను చూసుకునేది ఆర్డర్లు, లెక్కలు, మీ మెసేజ్‌లు, ముడిసరుకు వేట. పోయిన డిసెంబర్లో పసుపు కోసం అరకు వెళ్తే, సంచిలో పెట్టుకున్న కొబ్బరినూనె శాంపిల్ తెల్లారేసరికి రాయిలా గడ్డకట్టింది. ఇంచుమించు 24 డిగ్రీల దిగువన దాని తీరే అంత. గది ఇచ్చినావిడ సీసాను ఎండలో పెట్టి నవ్వుకుంది.

ఇక వేపసబ్బులు. చేసిన సబ్బులో నీరు ఆరడానికి మామూలుగా నాలుగు వారాలు చాలు. ఈ ముసురుకి ఆరు పట్టేలా ఉంది. సబ్బులోని గ్లిజరిన్ గాలిలో తేమను లాక్కుంటుంది కాబట్టి పైన చెమటలా బొట్లు కనిపించొచ్చు. అది పాడవడం కాదు, గుడ్డతో తుడిచి వాడుకోండి.

క్రీము ఆపేశాం. మళ్లీ మొదలుపెడితే సరైన ప్రిజర్వేటివ్‌తోనే చేస్తాం, దాని పేరు లేబుల్ మీద ఉంటుంది. సున్నిపిండిలోంచి బావంచాలు కూడా తీసేశాం. ఆ గింజల్లోని సోరాలెన్ అనే పదార్థం వల్ల ఎండ తగిలితే కొందరికి చర్మం కందిపోతుంది. పెసలు, కస్తూరిపసుపు, కచ్చూరాలు, వట్టివేరు, ఎండు గులాబీరేకులు ఎప్పటిలాగే ఉంటాయి. బావంచాలు లేకపోతే సున్నిపిండే కాదని అమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది.

ఇకనుంచి సబ్బు పోసే రోజుల్లో నేను అనకాపల్లిలోనే ఉంటాను. ఇప్పుడు మేడమీద 120 సబ్బులు ఆరుతున్నాయి. ముందు డబ్బు కట్టినవాళ్లకు నెలాఖరులో పంపుతాం. ఆగలేమంటే చెప్పండి, ఆ డబ్బూ వెనక్కి వేసేస్తాను.