ఆటల పీరియడ్‌లో వాళ్లనూ ఆడనివ్వండి

సంపాదకునికి,

2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన జట్టు 7 స్వర్ణాలతో సహా 29 పతకాలు గెలిచింది. అంతకు కొద్ది వారాల ముందు ఒలింపిక్స్‌లో మనకు వచ్చినవి 6. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి, మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్లో ఆమెను ఎంతగా హేళన చేశారో తల్లిదండ్రులే చెప్పారు. వింటే కడుపు తరుక్కుపోతుంది.

ఇలాంటి పిల్లలు మన చుట్టూ ఇంకా ఉన్నారు. చాలా బడుల్లో ఆటల పీరియడ్ రాగానే వాళ్లను పక్కన కూర్చోబెడతారు. గెలిచాక నజరానాలు ప్రకటించడం మంచిదే, కానీ అంతకుముందే ప్రతి జిల్లా స్టేడియంలో ర్యాంపులు, పారా క్రీడలు తెలిసిన కోచ్ ఉండాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఈ ఏడాదే ఈ పని మొదలుపెట్టాలి.

- ఒక పాఠకురాలు, హనుమకొండ