రవీంద్రభారతిలో నా పక్క సీటు పెద్దాయనకు

మొన్న ఆదివారం వయొలిన్ కచేరీకి మెడలో కెమెరా వేసుకుని వచ్చింది నేనేనండి. నిర్వాహకుల అనుమతి ఉంది, అనుభవమే లేదు. ఆలాపన నడుస్తుంటే టకటకా నొక్కేస్తున్నాను. పైగా ఫోకస్ కోసం నా కెమెరా వేసే నారింజ లైటు నేరుగా విద్వాంసుడి ముఖం మీద! ముందు వరుసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మీరు మాత్రం కసురుకోలేదు. "బాబూ, ముందు మెనూలోకి వెళ్లి ఆ లైటు ఆఫ్ చెయ్యి" అన్నారు మెల్లగా. సైలెంట్ షట్టర్ పెట్టబోతే వద్దన్నారు, ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోలో చారలు పడతాయని. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయట, అందుకే మామూలు షట్టరే సెకనులో 1/100 వంతు దగ్గర ఉంచమన్నారు. కాంతికి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓ 3200 పెట్టమన్నారు. ముఖం మీది వెలుగునే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టకపోతే వెనకున్న నల్ల తెర చూసి కెమెరా మోసపోతుందట, ముఖాలు సున్నం కొట్టినట్టు వస్తాయట. నావన్నీ అప్పటిదాకా అలాగే వచ్చాయి లెండి.

"ఆలాపనలో చేతులు కట్టుకుని విను. తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనంలో తియ్యి, మృదంగం మోతలో నీ షట్టర్ ఎవరికీ వినపడదు" అన్నారు. సరిగ్గా అక్కడే, ముక్తాయింపు వేళ, వయొలిన్ ఆయన మృదంగం వైపు చూసి తల ఊపిన క్షణం దొరికింది.

మంగళం కాగానే మీరు లేచి వెళ్లిపోయారు. పేరైనా అడగలేదు. అసెంబ్లీ మెట్రో మెట్ల దాకా వెతికాను. ఆ ఫోటో రెండు ప్రింట్లు తీయించాను, మీది నా కెమెరా బ్యాగులోనే ఉంది. చాలా థాంక్సండి.