బోరు నీళ్లలోనూ అక్వేరియం మొక్కలు పెరుగుతాయి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంట్లో అక్వేరియం పెట్టుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. చేపల సంగతి బాగానే రాశారు కానీ మొక్కల దగ్గరికొచ్చేసరికి బోరు నీళ్లు పనికిరావు, ఆర్‌ఓ నీళ్లే పోయాలి అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే. హైదరాబాద్ శివారు కాలనీల్లో చాలా ఇళ్లకు బోరే దిక్కు. బకెట్లకు తెల్లటి చారలు, గీజర్ కాయిల్ మీద పెచ్చులు కట్టే నీళ్లు మావి. ఇలాంటి ఇంట్లో మొక్కలున్న అక్వేరియం కుదరదేమోనని ఆ వ్యాసం చదివినవాళ్లు అనుకుంటే అది నాకు నిజంగా బాధ, ఎందుకంటే కుదురుతుంది, చక్కగా కుదురుతుంది.

కాకపోతే మొక్కను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పశ్చిమాఫ్రికా వాగుల ఒడ్డున రాళ్లను పట్టుకుని పెరిగే అనుబియాస్, ఆగ్నేయాసియా జావా ఫెర్న్, శ్రీలంక నుంచి వచ్చిన క్రిప్టోకొరైన్ వెండ్టీ, ఈ మూడూ నిదానంగా పెరిగే రకాలు, మూడూ గట్టి నీళ్లను, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న నీళ్లను తట్టుకుంటాయి. క్రిప్టోకొరైన్‌లలోనే బలాన్సే అని పొడవాటి నొక్కుల ఆకుల రకం ఒకటుంది, దక్షిణ థాయ్‌లాండ్‌లో అది పెరిగేది సున్నపురాయి కొండల మధ్య పారే వాగుల్లో, అంటే దానికి గట్టి నీళ్లు పుట్టిల్లే. వీటికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ అక్కర్లేదు, ఖరీదైన లైట్లూ అక్కర్లేదు. గప్పీలు, మోలీలు కూడా ఇలాంటి నీళ్లనే ఇష్టపడతాయి కాబట్టి చేపలతో కూడా పేచీ ఉండదు.

షాపులో జరిగేది వేరు. టీడీఎస్ మీటర్ నీళ్లలో ముంచి, అంకె పెద్దగా కనిపించగానే ఆర్‌ఓ మిషనో, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార స్థాయి) తగ్గించే మందో చేతిలో పెడతారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి, అందులో ఉప్పు ఎంత, కాల్షియం ఎంత అన్నది ఆ మీటర్ చెప్పదు. గట్టితనం తెలియాలంటే చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే జీహెచ్ కిట్ కావాలి, అందులో ఒక డిగ్రీ అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. తాగునీటికి మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో గట్టితనం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా సరే అని ఉంది. మూడు వందలున్న నీళ్లు అనుబియాస్‌కు ఏ ఇబ్బందీ కాదు.

పీహెచ్ మందు గురించి గట్టిగా చెప్పాలి. గట్టి నీళ్లలో సాధారణంగా బైకార్బొనేట్లు కూడా ఎక్కువే ఉంటాయి, యాసిడ్ పోస్తే అప్పటికి పీహెచ్ దిగుతుంది, అవి దాన్ని మళ్లీ పైకి లాగేస్తాయి, మళ్లీ పోస్తారు, ఈ ఎగుడుదిగుళ్లలో నలిగేది చేపలు. ఇంటికి పెట్టుకునే సాఫ్ట్‌నర్ నీళ్లు కూడా వద్దు, అది కాల్షియం తీసేసి ఆ చోట సోడియం పెడుతుంది, దానివల్ల మొక్కకు ఒరిగేదేమీ లేదు. ఇక ఆర్‌ఓ అంటే ఒక లీటరు కోసం రెండు మూడు లీటర్లు మోరీలోకి వదలడం, ఎండాకాలం బోర్లు ఎండి ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీల్లో ఆ సలహా ఎలా ఇవ్వగలమండీ?

అసలు చెడగొట్టేది ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. వేసవిలో అక్వేరియం ట్యాంకు నీళ్లు ఆవిరైపోతాయి, లవణాలు మాత్రం అందులోనే ఉండిపోతాయి. తగ్గినంత మేరా బోరు నీళ్లే పోస్తూ పోతే గట్టితనం వారం వారం పెరుగుతుంది. అందుకే ఊరికే నింపుతూ కూర్చోకుండా వారానికోసారి పావు వంతు తీసేసి కొత్త నీళ్లు పోయాలి. వానాకాలంలో మొదటి వానలు డాబాను కడిగేశాక పట్టుకున్న వాన నీళ్లు ఉంటే, తగ్గిన మేర నింపడానికి వాటిని మించినవి లేవు.

నాటడంలోనూ ఒక్క మాట గుర్తుంటే చాలు. అనుబియాస్‌కూ జావా ఫెర్న్‌కూ అల్లం కొమ్ములాంటి అడ్డకాండం ఉంటుంది, దాన్ని ఇసుకలో పూడ్చకూడదు, పూడిస్తే కుళ్లిపోతుంది. దారంతో రాయికో చెక్కకో కడితే వేర్లే పట్టుకుంటాయి. క్రిప్టోకొరైన్‌ను మాత్రం ఇసుకలోనే నాటాలి, నాటిన కొత్తలో దాని ఆకులన్నీ కరిగి జావైపోవచ్చు. చచ్చిపోయిందని పీకి పారేసేవాళ్లే ఎక్కువ. వేరు బతికే ఉంటుంది, కదపకుండా వదిలేస్తే అక్కడి నుంచే కొత్త ఆకు వస్తుంది. జావా ఫెర్న్ ఆకు అడుగున వరుసగా గోధుమరంగు బొడిపెలు కనిపిస్తే అది తెగులు కాదు, అవి సిద్ధబీజాల గుత్తులు, ఫెర్న్‌కు విత్తనాల్లాంటివి. ఆకు చివర పిల్లమొక్క, దాని కింద నల్లటి వెంట్రుకల్లాంటి వేర్లు కనిపిస్తే అది కూడా మామూలే.

అనుబియాస్ కొత్త ఆకు కోసం వారాలు ఆగాలి. మొదట సన్నగా చుట్టుకుని లేత ఆకుపచ్చలో, నూనె రాసినట్టు మెరుస్తూ బయటికొస్తుంది, విచ్చుకుని ముదిరేకొద్దీ నల్లటి ఆకుపచ్చకు మారుతుంది. పెరగట్లేదని టెన్షన్ పడి లైటు పెంచితే పెరిగేది నాచే, ఎందుకంటే ఒకే ఆకు నెలల తరబడి ఉంటుంది కాబట్టి నాచు తీరిగ్గా దానిమీదే చేరుతుంది. రోజుకు ఆరేడు గంటల లైటు, అదీ మరీ ఎక్కువ కాకుండా, కిటికీ ఎండ తగలకుండా చూసుకోవాలి. కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపుగా వస్తుంటే అది ఎక్కువగా ఐరన్ లోపం. పీహెచ్ ఎక్కువైన నీళ్లలో మామూలు ఐరన్ మొక్కకు అందదు, ఐరన్‌ను కరిగి ఉండేలా పట్టి ఉంచే పదార్థాల్లో ఈడీటీఏ రకం కూడా అంతగా నిలవదు, డీటీపీఏ రకం మందు దానికంటే మెరుగు.

మీకు ఒక విన్నపం. ఈసారి అక్వేరియం మీద రాసేటప్పుడు బోరు నీళ్ల ఇళ్లనూ లెక్కలోకి తీసుకోండి. షాపుల వాళ్లు కూడా అమ్మే ప్రతి మొక్క దగ్గరా ఇసుకలో నాటాలా, రాయికి కట్టాలా, ఎంత గట్టి నీళ్లు తట్టుకుంటుంది అని ఒక చీటీ పెడితే కొన్నవాళ్ల డబ్బులు వృథా కావు. మొక్కను నీటి బయట పెంచారా, నీళ్లలోనే పెంచారా అన్నది కూడా అందులో రాయాలి, బయట పెరిగిన ఆకులు ట్యాంకులో రాలిపోయి నీటి ఆకులు కొత్తగా వస్తాయి, ఆ సంగతి ముందే చెబితే ఎవరూ మర్నాడే మొక్క పట్టుకుని షాపుకు పరిగెత్తరు.

– ఒక పాఠకురాలు, బోడుప్పల్