గీత కార్మికుల సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా జమా ఖర్చులతో మొదలుపెట్టి, ప్రమాదాల గురించి చివర్లో రెండు మాటలు రాసి ముగించడం మనకు అలవాటు. ఈసారి తిరగేసి రాస్తున్నాను. ఎందుకో మీకు తెలుసు. సంక్రాంతికి వారం ముందు మన సభ్యుడొకరు మంచుకు తడిసిన తాటిచెట్టు దిగుతుంటే కాలు జారింది. పాదాలకు తొడిగే గుజి ఊడిపోయింది, చెట్టుకూ నడుముకూ చుట్టే మోకు తాడు మాత్రం పట్టుకుంది. మనిషి తలకిందులుగా వేలాడాడు. అది చెరువు కట్ట కింది పొలం, ఫైరింజన్ గట్టు దాకానే వచ్చి ఆగిపోయింది. పక్క చెట్టు గీస్తున్న అతని చిన్నాయన కొడుకు ఇంకో మోకుతో ఎక్కి, తాడు కట్టి మెల్లగా దించాడు. గంటకు పైగా పట్టింది. ప్రాణం దక్కింది కానీ కుడి భుజం ఇంకా పైకి లేవడం లేదు.

ఆ పొద్దున ప్రభుత్వం ఇచ్చిన అతని కొత్త రక్షణ కిట్టు ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడుతోంది. కవరు కూడా విప్పలేదు.

ఇది అతన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. మరుసటి వారం కల్లు అమ్మే మండువ దగ్గర కూర్చున్నప్పుడు "కిట్టు వేసుకొని ఎక్కేవాళ్లు చేతులెత్తండి" అంటే లేచిన చేతులు మూడు. ఈ నివేదిక రాస్తున్న నా చెయ్యి కూడా లేవలేదు.

మన గీత కార్మికుల దేవుడి పేరు పెట్టిన ఈ కాటమయ్య రక్ష కిట్ల పంపిణీని ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో మొదలుపెట్టింది. నడుముకు, తొడలకు బెల్టు, చెట్టు చుట్టూ తాడు, తాడుకు క్లిప్పులు. కాలు జారితే తాడు చెట్టును బిగించి పట్టుకుంటుంది, మనిషి కూర్చున్నట్టు ఆగిపోతాడు. మన మోకు అలా కాదు. వెనక్కి ఒరిగి బరువు దాని మీద వేసినంతసేపే అది మనల్ని కాస్తుంది. పట్టు తప్పితే మనిషి కిందికైనా జారతాడు, తలకిందులైనా అవుతాడు. తాతల నాటి సామాను మీద గౌరవం ఉండాల్సిందే, కానీ ఈ తేడా దాచిపెడితే లాభం లేదు.

మరి ఎందుకు వేసుకోవడం లేదు? ఆ రోజు ఎవరూ మొహమాటపడకుండా చెప్పారు. అన్నింటికంటే పెద్ద కారణం టైము. ఒక్కో చెట్టుకు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది అనుకుందాం. ఇరవై చెట్లు గీసే మనిషికి పూటకు గంట పోయినట్టే. పొద్దున పోయే గంట అంటే కల్లు మండువకు చేరేసరికి ఎండ ముదిరి పులుపెక్కడం. శిక్షణ ఇచ్చినవాళ్లు ఓపికగానే నేర్పారు, కానీ రోజుకు రెండు పూటలు అన్ని చెట్లు ఎక్కి దిగే మనిషి లెక్క వాళ్ల పాఠంలో లేదు. రెండోది, పెద్దవాళ్లు చెప్పిన మాట: "బెల్టు వేస్తే చెట్టు ఒంటికి తెలుస్తలేదు." నవ్వకండి. రొమ్ము మీద, ముంజేతుల మీద కాయలు కాసినవాళ్లు చెట్టు ఎక్కడ నున్నగా ఉందో, ఎక్కడ పాకుడు పట్టిందో ఒంటితోనే చదువుతారు.

అందుకే కమిటీ మధ్యేమార్గం పట్టింది. అన్ని చెట్లకూ కాదు, ముందు మూడు రకాలకు కిట్టు తప్పనిసరి అన్నాం: ఒంగిన చెట్లు, అన్నింటికంటే పొడుగు చెట్లు, వాన గానీ మంచు గానీ ఉన్న రోజు ఏ చెట్టైనా. ప్రతి చెట్టుకూ వేసుకోవాలన్నది అధికారుల మాట. అది సరైన మాటే. కానీ గోడకు వేలాడే నియమం కంటే ఒంటి మీద ఉండే సగం నియమం మేలని నా అభిప్రాయం. ఫిబ్రవరి నుంచి నలుగురు కుర్రవాళ్లు రోజూ వాడుతున్నారు. మొదట మూడు నిమిషాలు తేడా ఉండేది, నెల తిరిగేసరికి నిమిషానికి వచ్చింది. చేతులకు అలవాటు పడితే క్లిప్పు వేయడం గుజి తొడగడం లాంటిదే.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. మన గీత కత్తి ఎంత పదునో చెప్పక్కర్లేదు. చెక్క మీద పలుగురాయి పొడి చల్లి నూరిన కత్తి అది. కల్లు కారే పూగెలను, అంటే గొలను, తమలపాకంత పల్చగా చెక్కుతుంది. బిగిసి ఉన్న నైలాన్ తాడుకు ఆ అంచు ఒక్కసారి తగిలితే చాలు. చెట్టు మీద మనల్ని కాసే తాడూ, దాన్ని తెంపగల కత్తీ ఒకే నడుముకు ఉంటున్నాయి. అందుకని కత్తుల పొదిని నడుముకు కట్టుకునే ముస్తాదుకు వెనక వైపు, తాడు ఆనని చోట కట్టుకోవాలని తీర్మానించాం. పాత పొదులు చిరిగి మొనలు బయటికి కనిపిస్తున్నాయి. సంఘం డబ్బుతో తోలు పొదులు కుట్టించాం, తీసుకోనివాళ్లు కోశాధికారిని అడగండి. తాళ్లను ఎండలో వదిలేయకండి, ఎండకు నైలాన్ పెళుసెక్కుతుంది. నెలకోసారి తాడు పొడవునా వేళ్లతో తడుముతూ చూడండి. పోగులు లేచినా, గట్టిపడ్డట్టు తగిలినా పక్కన పెట్టేయండి. బావికి నీళ్లు తోడుకోవడానికి పనికొస్తుంది, ప్రాణానికి కాదు.

ఇక మారు మనిషి సంగతి. మన పనికి ఆదివారం లేదు. ఒక్కరోజు గీయకపోతే గొల ఎండిపోయి ధార ఆగుతుంది, మళ్లీ దారికి తేవడానికి రోజులు పడుతుంది. అందుకే జ్వరంతోనూ ఎక్కుతాం, పెళ్లి బట్టలు విప్పి మరీ ఎక్కుతాం. పడిపోయిన ఘటనలు చూస్తే చాలావరకు అలాంటి రోజుల్లోనివే. ఈ ఏడాది వంతులవారీగా మారు మనిషి ఏర్పాటు చేశాం. ఆ పూట కల్లులో సగం ఎక్కినవాడికి, సగం చెట్టు ఉన్నవాడికి. మొదట్లో గొడవలయ్యాయి. ఒకరి గొల ఇంకొకరు లోతుగా కోశారని రెండు పంచాయతీలు నడిచాయి. అయినా జనవరి నుంచి భుజం విరిగిన మన సభ్యుడి చెట్లు ఒక్కటీ ఎండకుండా నిలబడ్డాయంటే ఈ వంతుల వల్లే.

అతని సాయం కాగితాల మీద ఎంత తిరిగామో కమిటీకి తెలుసు. చనిపోయినా, శాశ్వతంగా వైకల్యం వచ్చినా ప్రభుత్వం 5 లక్షలు ఇస్తుంది. కానీ వైకల్యం శాశ్వతమా కాదా అని మెడికల్ బోర్డు తేల్చాలి. ఒక ఆఫీసులో మా ఫైలు రెండుసార్లు కనబడకుండా పోయింది. అందుకే అందరికీ మనవి: లైసెన్సు, సభ్యత్వ కార్డు జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు, సంఘం దగ్గర ఒక సెట్టు ఉంచండి. ప్రమాదం జరిగితే అదే రోజు ఎక్సైజ్ స్టేషన్‌లో చెప్పండి, ఆసుపత్రి చీటీ మీద "చెట్టు మీద నుంచి" అని రాయించండి. "కింద పడ్డాడు" అని మాత్రమే రాసి ఉంటే తర్వాత నెత్తినోరు కొట్టుకోవాలి.

2025 జూలైలో కూకట్‌పల్లి కల్తీ కల్లు ఘటనలో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత నెలరోజులు మన మండువ వైపు కూడా జనం అనుమానంగా చూశారు. చెట్టు కల్లు ఎంత వస్తుందో అంతే అమ్ముతామని, అయిపోతే కల్లు కుండను, అదే లొట్టిని, బోర్లిస్తామని బోర్డు పెట్టాం. బోర్డు కంటే బోర్లించిన లొట్టే ఎక్కువ పనిచేసింది.

చెట్లు తగ్గుతున్నాయి. రోడ్డు పక్క ప్లాట్ల వెంచర్‌లో ఒకే వారం పదకొండు తాటిచెట్లు పడిపోయాయి, మనకు కబురు అందేసరికి మొద్దులే మిగిలాయి. చెరువు కట్ట మీద వానాకాలంలో తాటి గింజలు నాటాం. అవి గీతకు రావడానికి పదిహేనేళ్ల పైనే, పోతో (మగచెట్టో) పండో (ఆడచెట్టో) అప్పటిదాకా తెలియదు. ఈత మొక్కలు ఇంకొన్ని పెడదామంటే నీళ్లు పోసే మనిషి కావాలి. ముందుకొచ్చేవాళ్లు పేరు ఇవ్వండి.

జమా ఖర్చుల పట్టీ మండువ గోడకు అంటించాం. చందా బాకీలు కాటమయ్య పండుగ లోపు కట్టాలి. మహాసభ పండుగ మరుసటి ఆదివారం, సాయంత్రం చెట్లు దిగాక. వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ తమ కిట్టు వెంట తేవాలి. కవరు విప్పనివాళ్లు కవరుతోనే తెండి, అక్కడే విప్పుదాం.

కార్యదర్శి